తిరిగి వస్తుందన్న నమ్మకం

చూపులేని ఆడపడుచు పరుగు పందెంలో దిగితే పక్కన తోడుగా పరుగెత్తే మనిషి ఆమె. ఇద్దరి మధ్యా ఉండేది మూరెడు తాడు. దాని ఒక కొస ఆడపడుచు కుడిచేతి వేళ్లకు, రెండో కొస ఈమె ఎడమచేతి వేళ్లకు. దూరం నుంచి చూసేవాళ్లకు తాడు కనిపించేది కాదు. ఇద్దరు అక్కచెల్లెళ్లు ఏదో పంతం పట్టి ఒకే అడుగు వేస్తున్నట్టు ఉండేది. ఆడపడుచు నోరారా "వదినా" అని పిలిచేది గనక మైదానంలో చిన్నా పెద్దా అందరికీ ఆమె వదినే అయిపోయింది. ఆమె కంటే పాతికేళ్లు పెద్దవాడైన, పరుగు నేర్పే మాస్టారు కూడా "వదినగారూ, ఇవాళ రెండు చుట్లు ఎక్కువ వెయ్యాలి" అనేవాడు.

వదిన ఈ దేశంలో పుట్టలేదు. పదకొండేళ్ల కిందట తన దేశం తరఫున పరుగెత్తడానికి వచ్చింది. ఆ పందెంలో కాలు మడతపడి మధ్యలోనే కూలబడింది. ఆమెను ఆసుపత్రికి చేర్చిన వ్యాను డ్రైవరు ఆ తర్వాత వారం రోజులూ ఏదో ఒక వంక పెట్టుకుని చూడటానికి వచ్చాడు. భాష రాదు. ఆమెకు కుంటడం, అతనికి నవ్వడం, ఆ రెండే ఇద్దరికీ తెలిసిన మాటలు. చివరికి ఆమె తన జట్టుతో వెళ్లలేదు. "పతకం కోసం వచ్చి మా అన్నయ్యను పట్టుకుంది, నష్టపోయింది పాపం" అని ఆడపడుచు ఏడిపించేది.

పెళ్లయిన ఆరేళ్లకు అతను పోయాడు. ఆగిపోయిన వ్యానును రోడ్డు పక్కకు తోస్తూ ఉండగా వెనక నుంచి లారీ గుద్దింది. పిల్లలు లేరు. కోడలు ఇక తన దేశం వెళ్లిపోతుందని చుట్టాలంతా అనుకున్నారు. కొందరు ఆ మాట ఆమె ముందే అన్నారు. ఆమె వెళ్లలేదు. ఆసుపత్రి బట్టల గదిలో దుప్పట్లు ఉతికే పనికి కుదిరింది. ఆడపడుచును ఇంట్లో చిన్ని అని పిలిచేవారు. పన్నెండో ఏట చూపు పూర్తిగా పోయిన ఆ పిల్లకు ఇప్పుడు ఇరవై ఆరు. అదే ఆసుపత్రిలో ఫోన్లు కలిపే పని. అత్తగారు ఇంట్లో కూర్చుని దర్జీలకు కాజాలు కుట్టి ఇచ్చేది.

కొడుకు పోయిన నెలకు ఒక సాయంత్రం చిన్ని అంది: "వదినా, ఈ ఇంట్లో నాకు ఊపిరాడటం లేదు. ఎక్కడికైనా తీసుకెళ్లు." కాలవగట్టు మీద చేయి పట్టుకుని నడిచారు. మర్నాడు ఇంకాస్త వేగంగా నడిచారు. మూడో రోజు ఎవరు మొదలుపెట్టారో గుర్తులేదుగానీ ఇద్దరూ పరుగెత్తారు. ఆగేసరికి ఇద్దరూ ఏడుస్తున్నారు. అప్పటి నుంచి అయిదేళ్లు వాన పడినా, ఒళ్లు వెచ్చబడినా ఆ పరుగు ఆగలేదు. గట్టు మీది పరుగు మైదానానికి చేరింది, మైదానం నుంచి పోటీలకు వెళ్లింది. పదిహేనువందల మీటర్లలో చిన్ని దేశం మొత్తం మీద మొదటిదైంది.

విదేశంలో జరిగే పెద్ద పోటీకి ఇద్దరి పేరునా పిలుపు వచ్చింది. ఒకే ఉత్తరంలో, పక్కపక్కన, ఒకే గీత మీద రెండు పేర్లు. మాస్టారు దాన్ని నాలుగుసార్లు చదివి వినిపించాడు. అయిదోసారి చదవమని అడిగింది అత్తగారే.

చిన్నికి వీసా తొమ్మిది రోజుల్లో వచ్చేసింది. వదినను మాత్రం ముఖాముఖికి రమ్మన్నారు.

*

వీసా ఆఫీసులో కుర్చీలు నేలకు బిగించి ఉన్నాయి. అందరి ఒళ్లోనూ ఒక ఫైలు, అందరి కళ్లూ గోడ మీద మారే అంకెల మీద. వదిన అంకె వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అద్దం వెనక కూర్చున్న అధికారిణికి ముప్పై కూడా ఉండవు. జలుబుతో గొంతు బొంగురుపోయింది. మాట మాత్రం మర్యాదగానే ఉంది.

"మీ పాస్‌పోర్టు ఈ దేశానిది కాదు కదా?"

"కాదండి. నేను పుట్టిన దేశానిది."

"మరి ఇక్కడ ఎలా ఉంటున్నారు?"

"ఏటా గడువు పొడిగిస్తారండి. మా అత్తగారు పూచీ సంతకం పెడతారు."

"శాశ్వత నివాస పత్రం తీసుకోలేదా?"

"దరఖాస్తు ఇచ్చి నాలుగేళ్లయిందండి. ఇంకా పిలవలేదు."

"రసీదు ఉందా?"

"ఇంట్లో అత్తగారి దగ్గర ఉంది."

అధికారిణి ఏదో రాసుకుంది. భర్త గురించి అడిగింది. పోయారని వదిన చెప్పింది. పిల్లలు లేరంది. ఇల్లు అత్తగారిదంది. పుట్టిన దేశంలో ఒక అన్న ఉన్నాడని, పెళ్లి నాటి నుంచి మాటల్లేవని చెప్పింది.

"అయితే ఇక్కడ మీరు తప్పకుండా తిరిగి రావాల్సినంత దగ్గరివాళ్లు ఎవరున్నారు?"

"మా ఆడపడుచు ఉందండి." ఈ ఒక్క ప్రశ్నకు మాత్రం వదిన తడుముకోలేదు.

"ఆవిడ మీతో పాటే వస్తున్నారు కదా?"

వదిన జవాబు చెప్పబోయి ఆగిపోయింది. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. అద్దం అవతల నుంచి చూస్తే అది నిజమే. మొగుడు లేడు, బిడ్డలు లేరు, ఇల్లు లేదు, ఉన్న ఒక్క మనిషినీ వెంటబెట్టుకుని పోతోంది. తిరిగి రావడానికి ఇక్కడేం మిగిలిందని ఎవరైనా అడుగుతారు.

"అత్తగారు కూడా ఉన్నారండి," అంది చివరికి. ఆ మాట ఆలస్యంగా వచ్చిందని తన చెవికే తెలిసింది.

నాలుగో రోజు కవరు వచ్చింది. లోపల ఒక్క కాగితం. గడువులోగా తిరిగి వస్తారన్న నమ్మకం కలగలేదు గనక వీసా ఇవ్వలేకపోతున్నామని ఉంది.

చిన్ని ముందు నవ్వింది. "నువ్వా? తిరిగి రావా? మైదానంలో నన్నొదిలి మంచినీళ్లు తాగడానిక్కూడా పోవే." అంతలోనే నవ్వు పోయి ముఖం ఎర్రబడింది. "వాళ్లకేం తెలుసని రాశారు?"

మాస్టారు కవరు అటూ ఇటూ తిప్పి చూశాడు. "మళ్లీ పెడదాం. ఇంకా నెల పైనే ఉంది. ఆ నివాస పత్రం దరఖాస్తు రసీదు జత చేస్తే వాళ్ల నోటికి తాళం పడుతుంది. నాలుగేళ్ల కిందటిదంటే మాటలా. రసీదు తీసిపెట్టండమ్మా," అన్నాడు అత్తగారితో.

అత్తగారు సూదిలో దారం ఎక్కిస్తోంది. ఎక్కిస్తూనే ఉంది. "చూస్తాను," అంది తలెత్తకుండా.

*

మర్నాడు చిన్ని ఆసుపత్రికి వెళ్లాక అత్తగారు ఇనప్పెట్టె తెరిచింది. కొడుకు చొక్కాల అడుగు నుంచి ఒక పొడవాటి కాగితం తీసి కోడలి ముందు పెట్టింది. నివాస పత్రం దరఖాస్తు అది. వదిన తన చేత్తో నింపింది. అప్పటికి అక్షరాలు కొత్త, అందుకే ఒక్కొక్కటీ బొమ్మ గీసినట్టు ఉంది. అడుగున ఇంటి పెద్ద సంతకం చేయాల్సిన చోటు ఖాళీగా ఉంది.

"ఇదేమిటత్తయ్యా? ఆఫీసులో ఇచ్చానన్నారు."

"ఇవ్వలేదు."

"రెండుసార్లు అడిగాను మిమ్మల్ని. వాళ్లే పిలుస్తారన్నారు."

"అన్నాను. అబద్ధం చెప్పాను." అత్తగారు నేల మీద కూర్చుంది. మోకాళ్ల నొప్పులతో ఆమె నేల మీద కూర్చోవడం మానేసి చాలా కాలమైంది. "వాడు పోయాక నువ్వూ పోతావనుకున్నా. వయసులో ఉన్నావు, కాళ్లలో బలముంది, ఈ ముసలిదాన్నీ ఆ గుడ్డిపిల్లనీ పట్టుకుని ఎందుకు వేలాడతావని. ఈ కాగితం చేతికొస్తే ఇక నా సంతకంతో పనిలేదు. ఏ ఊరైనా పోతావు, ఎక్కడైనా బతుకుతావు. అది లేకపోతే ఏడాదికోసారైనా నా దగ్గరికి రావాలి కదా. అందుకని దాచాను. తర్వాత తీసి ఇద్దామనుకున్నా చాలాసార్లు. నీకు ముఖం ఎట్లా చూపించాలో తెలియక అట్లాగే ఉంచేశాను."

వదినకు ముందు కోపం రాలేదు. నాలుగేళ్లు గడువు పొడిగించే ఆఫీసు ముందు వరసలో నిలబడింది. ఏటేటా, ఈసారి పొడిగించకపోతే అని ప్రాణాలు అరచేత పెట్టుకుని ఇంటికి వచ్చింది. అలా వచ్చినప్పుడల్లా ఈ మనిషే కదా ఎదురొచ్చి, పనైందా అని అడిగింది.

"ఆ అద్దం వెనక కూర్చున్న అమ్మాయి నన్ను అరగంట చూసిందత్తయ్యా," అంది నెమ్మదిగా. "ఆమెకు నా మీద నమ్మకం కలగలేదంటే నాకేమీ అనిపించలేదు. మీరు పదకొండేళ్లుగా చూస్తున్నారు."

అత్తగారు కలం అడిగింది. మూడో తరగతితో ఆగిపోయిన చదువు, సంతకం పెట్టడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ పూటే కోడలితో కలిసి వెళ్లి ఆఫీసులో ఇచ్చింది. ఆ తర్వాత వారం రోజులు వదిన అవసరానికి మించి మాట్లాడలేదు. అన్నం వడ్డించేది, మందు అందించేది. "అత్తయ్యా" అన్న పిలుపు మాత్రం నోటి దాకా వచ్చి ఆగిపోయేది.

రెండోసారి దరఖాస్తుకు అత్తగారు స్వయంగా ఉత్తరం రాసింది. ఒక్క పేజీకి రెండు సాయంత్రాలు పట్టింది. "ఈమె నా కోడలు. నా కొడుకు లేడు. ఈమె ఉంది. పోయి వస్తుంది. నాకు నమ్మకమే. ముందు లేకపోవడం నా తప్పు," అని ఉంది అందులో. వదిన చిన్నికి చదివి వినిపిస్తే ఆ ఆఖరి వాక్యం ఏమిటని అడిగింది. అప్పుడే ఆ పిల్లకు సంగతి తెలిసింది. తల్లితో ఆ రోజంతా మాట్లాడలేదు. ఆ ఇంట్లో ముగ్గురాడవాళ్లూ మూడు గదుల్లో ఉన్నట్టయింది, ఉన్నది రెండు గదులే అయినా.

రెండోసారి అద్దం వెనక ఒక మగ మనిషి ఉన్నాడు, నెరిసిన జుట్టు. అత్తగారి ఉత్తరం ఓపిగ్గా చదివాడు. చదివి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మీ అత్తగారు మంచిగా రాశారమ్మా. కానీ ఉత్తరాన్ని మేము పత్రంగా తీసుకోలేము." రసీదు మీద వేలు పెట్టాడు. "ఇది చూడండి. మేము వీసా కాదన్న మర్నాడు పెట్టిన దరఖాస్తు. నాలుగేళ్ల కిందట పెట్టామని మొదటిసారి మీరే చెప్పారు. ఏది నమ్మమంటారు?"

వదిన జరిగింది చెప్పొచ్చు. మా అత్తగారు దాచిపెట్టిందని ఒక్క మాట అంటే సరిపోతుంది. బయట కుర్చీలో అత్తగారు చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. అద్దాల తలుపులోంచి కనిపిస్తూనే ఉంది. పరాయి మనిషి ముందు ఇంటి పెద్దను అబద్ధాలకోరుగా నిలబెట్టడానికి వదినకు నోరు రాలేదు.

"పొరపాటు పడ్డానండి," అంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. ఈసారి కవరు రెండు రోజుల్లోనే వచ్చింది. లోపల అదే కాగితం, తారీఖు ఒక్కటే మారింది. పోటీకి ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి.

*

"నేను పోను," అంది చిన్ని. "నువ్వు లేకుండా పోయి ఏం చెయ్యను, గ్యాలరీలో కూర్చుని చప్పట్లు వినాలా?"

"పొడుగమ్మతో పరుగెత్తు."

పొడుగమ్మ అంటే అదే మైదానంలో సాధన చేసే పోస్టుమనిషి. ఆరడుగుల పిల్ల. ఇంటింటికీ ఉత్తరాలు పంచి పంచి కాళ్లకు చక్రాలు మొలిచాయని అందరూ అనేవారు. ఆమె పాస్‌పోర్టు ఈ దేశానిదే, వీసాకు చిక్కు లేదు. మాస్టారు కనుక్కుంటే, తోడు పరుగెత్తే మనిషిని మార్చుకోవడానికి ఇంకా గడువుంది.

"తాడు పట్టుకుంటే అవతల ఉన్నది ఎవరో నా వేళ్లకు తెలుస్తుంది వదినా. అది నువ్వు కాకపోతే నా కాలు ముందుకు పడదు."

"పడుతుంది. మొదట నాతో కూడా పడలేదు." వదిన పక్కన కూర్చుంది. "నీ కోసమే నేనిక్కడ ఉండిపోయానని ఊరంతా అనుకుంటారు. కొంత నిజమే. నువ్వు ఇప్పుడు పోకుండా ఇంట్లో కూర్చుంటే ఈ అయిదేళ్లూ నేనేం చేసినట్టు? నాకు లేని దారి నాకు లేదు. నీకున్న దారిని నా వల్ల మూసెయ్యకు."

చిన్ని ముఖం గోడ వైపు తిప్పుకుంది. చాలాసేపటికి, "పొడుగమ్మ నోరు ఊరికే ఉండదు, పరుగెత్తుతూ కూడా కబుర్లు చెప్తుంది," అంది. అది ఒప్పుకోవడమేనని వదినకు తెలుసు.

మర్నాటి పొద్దున తాడు కొస తన వేళ్ల నుంచి తీసి పొడుగమ్మ వేళ్లకు తగిలించింది వదినే. వాళ్ల వెనకే తనూ పరుగెత్తుతూ నేర్పింది. "నీ అడుగు పెద్దది, చిన్నది చెయ్యి. భుజం తగలనీ, తాడు లాగకు. గుర్తుంచుకో, గీత దాటేటప్పుడు ముందు తను దాటాలి, నువ్వు కాదు. నువ్వు ముందు దాటితే పందెం పోతుంది." పొడుగమ్మ బుద్ధిగా తలూపేది. అయినా ప్రతి మలుపు దగ్గరా చిన్ని అర అడుగు తడబడేది. ఎందుకో ఎవరికీ అంతుచిక్కలేదు. రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాక మాస్టారు కనిపెట్టాడు. ఈ భాష ఎంత నేర్చినా వదిన నాలుకకు "మలుపు" పలకదు, "ములుపు" అంటుంది. అయిదేళ్లుగా చిన్ని కాళ్లు ఆ మాటకే తిరుగుతున్నాయి.

"నువ్వు కూడా ములుపు అను," అన్నాడు పొడుగమ్మతో.

"తప్పు కదా మాస్టారూ?"

"తప్పే. అట్లాగే అను."

ఆ రోజు మలుపులన్నీ సాఫీగా తిరిగారు. గట్టు మీద నిలబడి చూస్తున్న వదిన నవ్వింది. నవ్వుతూనే వీపు తిప్పి, వదులైన బూటు తాడు కట్టుకుంటున్నట్టు వంగి, చాలాసేపు అలాగే ఉండిపోయింది.

చిన్నీ, పొడుగమ్మా, మాస్టారూ వెళ్లిన రోజున వదిన బస్సు దాకా సాగనంపింది. చిన్ని మెట్టెక్కి, దిగి, తడుముకుంటూ వచ్చి వదిన రెండు చేతులూ ముఖానికి ఆనించుకుని మళ్లీ ఎక్కింది.

*

పందెం రోజు మధ్యాహ్నం వదిన సెలవు పెట్టింది. ఫోను నీళ్ల చెంబుకు ఆనించి బల్ల మీద పెట్టారు. బొమ్మ ఆగి ఆగి వస్తోంది. అత్తగారు రెండు కళ్లజోళ్లూ మార్చి మార్చి పెట్టుకుని చూస్తోంది.

"మనపిల్ల ఏదీ?"

"అంచున ఉన్న పచ్చ చొక్కా, అత్తయ్యా."

నెల తర్వాత ఆ పిలుపు అలవోకగా వచ్చేసింది. ఇద్దరూ గమనించారు, ఇద్దరూ ఊరుకున్నారు.

పరుగు మొదలైంది. మొదటి చుట్టులో చిన్ని ఆరో స్థానం. రెండో చుట్టులో అయిదు. వదిన పెదవులు కదులుతున్నాయి. మలుపు రాకముందే చెబుతున్నాయి. ఎడమచేతి వేళ్లు బిగుసుకుని ఉన్నాయి. మూడో చుట్టు చివర, ఎప్పుడూ చిన్ని వేగం తగ్గే చోట, ఈసారి తగ్గలేదు. పొడుగమ్మ కాలూ చిన్ని కాలూ ఒకే మనిషివైనట్టు కదిలాయి. ముందున్న ఒక జంటను దాటారు. బొమ్మ ఆగిపోయింది. మళ్లీ కదిలేసరికి పందెం ముగిసింది. నాలుగో స్థానం. పతకానికి ఒక్క మనిషి తక్కువ. కాలం అయిదు నిమిషాల రెండు సెకన్లు. వదినతో పరుగెత్తిన అన్ని పందేల్లోకీ మంచి కాలం అయిదు నిమిషాల నాలుగు.

వదినకు ముందు సంతోషమే వచ్చింది. ఆ వెనకే మరొకటి వచ్చింది. దాని పేరు చెప్పుకోవడానికి ఆమెకు సిగ్గేసింది. వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి కాసేపు నిలబడింది.

సాయంత్రం చిన్ని ఫోను చేసింది. "చూశావా?"

"చూశాం. రెండు సెకన్లు తగ్గించావు."

"నువ్వుంటే ఇంకా తగ్గేది."

"లేదు." వదిన గొంతు మామూలుగానే ఉంది. "నేనుంటే తగ్గేది కాదు. రెండేళ్లుగా మూడో చుట్టు చివర నాకు ఊపిరి అందటం లేదు. నేను తగ్గితే నువ్వూ తగ్గుతున్నావు. నీకు తెలుసు."

"తెలుసు," అంది చిన్ని. "అయినా నీతోనే పరుగెత్తాలనుకున్నా."

"నేనూ అంతే. ఒక్కసారి ఆ పెద్ద మైదానంలో ఇద్దరం గీత దాటాలనుకున్నా. ముందు నువ్వు, వెనక నేను. అది కుదరలేదు. ఏం చేస్తాం." ఫోను రెండో చెవికి మార్చుకుంది. "తిన్నావా?"

*

నివాస పత్రం రావడానికి ఏడు నెలలు పట్టింది. అప్పటికి పోటీలకు పొడుగమ్మే స్థిరపడింది, వదినే పట్టుబట్టి అలా చేయించింది. పొద్దుటి సాధనలో మాత్రం తాడు ఒకరోజు ఆమెది, ఒకరోజు ఈమెది.

పత్రం చేతికి వచ్చిన నెలకు వదిన తన అన్నకు ఉత్తరం రాసింది. రమ్మని జవాబు వచ్చింది. పదకొండేళ్ల మౌనం తర్వాత వచ్చిన పిలుపు, వెళ్లకుండా ఉండలేదు. అత్తగారే సంచి సర్దింది. మందులు, తువ్వాలు, ఆ అన్న భార్యకని తాను కుట్టిన జాకెట్టు అన్నీ పెట్టింది. బస్సు దగ్గర ముగ్గురూ నిలబడ్డారు. అత్తగారు చక్రాల వంక, టిక్కెట్టు వంక, ఆకాశం వంక చూసింది. ఒక్క మాట మాత్రం అడగలేదు.

"పన్నెండో తారీఖు పొద్దున బస్సుకు వస్తానత్తయ్యా," అంది వదిన.

"నేనడిగానా?"

"అడగలేదు. చెప్తున్నాను."

పన్నెండున ఆమె రాలేదు. దారిలో వంతెన మీద నీళ్లు పారి బస్సులు ఆగిపోయాయి. ఫోను అందలేదు. పదమూడు మధ్యాహ్నం బురద కాళ్లతో గుమ్మంలోకి వచ్చేసరికి అత్తగారు వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉంది. నిన్న పొద్దున వేసుకున్న కుర్చీ అది, అన్నానికి కూడా లోపలికి రాలేదని చిన్ని తర్వాత చెప్పింది.

అత్తగారు కోడలిని పై నుంచి కింది దాకా చూసింది.

"కాళ్లు కడుక్కుని రా," అంది. "అన్నం చల్లారిపోతోంది."